ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్: చిన్న ఆఫీసుల్లో షేర్డ్ ఫోల్డర్ల గురించి

(ఆడిట్ ఆఫీసులు, స్కూళ్లు, క్లినిక్కులు నడిపేవారి కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఆడిటర్లున్నారు, స్కూలు కరస్పాండెంట్లున్నారు, ల్యాబ్ నడిపే డాక్టరుగారున్నారు. ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే కుర్రాళ్లు వెనక వరసల్లో కూర్చున్నారు. మీ పనులు వేరు వేరు. కానీ కంప్యూటర్ల దగ్గరికొచ్చేసరికి దాదాపు అన్ని ఆఫీసుల కథా ఒకటే. ఏడెనిమిది సిస్టమ్‌లుంటాయి. వాటిలో కాస్త మంచిదాన్ని చూసి 'సర్వర్' అని పేరు పెడతారు. దాని డి డ్రైవ్‌లో 'డేటా' అని ఒక ఫోల్డర్. దాన్ని షేర్ చేస్తే మిగతా సిస్టమ్‌లలో జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. పెట్టిన మొదటిరోజే ఎవరికో అది ఓపెన్ కాదు. పర్మిషన్ లేదని మెసేజ్ వస్తుంది. టెక్నీషియన్ వస్తాడు, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేస్తాడు, ఎవ్రీవన్ అనే పేరు ఎంచుకుని ఫుల్ కంట్రోల్ దగ్గర టిక్ పెడతాడు. 'ఇప్పుడు చూడండి సార్' అంటాడు. ఓపెన్ అవుతుంది. పని మొదలవుతుంది. ఆ టిక్ మాత్రం అక్కడే ఉండిపోతుంది, ఏళ్ల తరబడి.

ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ ఒక్క టిక్ గురించే.

ఫుల్ కంట్రోల్ అంటే ఏమిటో ముందు విడమరిచి చెప్తాను. ఫైల్ చదవొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు. అక్కడితో ఆగదు. ఆ ఫోల్డర్ మీద ఎవరికి ఏ హక్కు ఉండాలో కూడా మార్చేయొచ్చు. రోజంతా ఎక్సెల్‌లో లెక్కలు రాసే మనిషికి ఈ చివరి అధికారంతో పనేముంది? చదవడం, మార్చడం, కొత్త ఫైల్ పెట్టుకోవడం కావాలి. దానికి 'మాడిఫై' చాలు.

ఇక ఎవ్రీవన్. దీన్ని చాలామంది 'మా ఆఫీసువాళ్లందరూ' అని అనుకుంటారు. విండోస్ అలా అనుకోదు. ఈ ఎవ్రీవన్‌లో గెస్ట్ కూడా ఉంటాడు, అంటే పేరూ పాస్‌వర్డూ అడగకుండా లోపలికొచ్చినవాడు. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేశామంటే గెస్ట్‌కు తలుపు తీసినట్టే. మీ రిసెప్షన్‌లో వైఫై పాస్‌వర్డ్ గోడకు అంటించి ఉందనుకోండి. సర్వర్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉందనుకోండి. అక్కడ కూర్చున్న పేషెంటు తాలూకు మనిషి ఫోన్‌లో మామూలు ఫైల్ మేనేజర్ యాప్ తెరిచి మీ 'డేటా' ఫోల్డర్‌లో ఉన్న రిపోర్టులన్నీ చూడొచ్చు. దానికి హ్యాకింగ్ చదువుకోనక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా ఈ విషయంలో మారారు. విండోస్ 2000 రోజుల్లో కొత్తగా షేర్ పెడితే ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ దానంతటదే వచ్చేది. సర్వర్ 2003 నుంచి దాన్ని 'రీడ్'కు తగ్గించారు. అంటే మనం ఇప్పటికీ చేతితో పెడుతున్న ఆ టిక్‌ను, దాన్ని తయారుచేసినవాళ్లే ఇరవై ఏళ్ల కిందట తీసేశారు.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక జవాబు వస్తుంది. 'మా దగ్గర అందరూ నమ్మకమైనవాళ్లేనండీ, ఎవరి మీదా అనుమానం లేదు' అని. మంచిదే. నేను పర్మిషన్లు పెట్టమనేది ఆ నమ్మకమైనవాళ్ల కోసమే. ఒక ఉదయం 'క్లయింట్లు' ఫోల్డర్ కనిపించదు. అందరికీ తుడిచే హక్కు ఉంది, అందరూ ఒకే 'ఆఫీస్' అనే లాగిన్‌తో వస్తారు. ఎవరు చేశారో తెలిసే దారి లేదు. అప్పుడు అనుమానం ఎవరి మీదికి పోతుంది? ఆఫీసులో అందరికంటే చిన్నవాళ్ల మీదికి. సీఏ కోసం ఆర్టికల్స్ చేసే అమ్మాయి మీదికో, నిన్నగాక మొన్న చేరిన డేటా ఎంట్రీ కుర్రాడి మీదికో. తప్పు చేయలేదని చూపించుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. ఆ ఫోల్డర్‌ను ముట్టుకునే హక్కే ఆ అమ్మాయికి లేకపోతే ఆ ప్రశ్న ఆమె దాకా రానే రాదు. పర్మిషన్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

నిజాయితీగా పనిచేసే ఇద్దరి మధ్య కూడా ఎంత గందరగోళం జరగొచ్చో చెప్పే పాత సంగతి ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో 1960లలో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ నడిచేది. ఒకే పెద్ద కంప్యూటర్‌ను చాలామంది ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్లు కూర్చుని ఒకేసారి వాడుకునే పద్ధతి దానితోనే బాగా వెలుగులోకి వచ్చింది. దాన్ని నడిపించిన ఫెర్నాండో కార్బాటో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 1990 సంవత్సరానికి అందుకుని చేసిన ప్రసంగంలో దీన్ని స్వయంగా చెప్పారు. సిస్టమ్ చూసుకునేవాళ్లందరికీ కలిపి ఒకే డైరెక్టరీ ఉండేది. ఎడిటర్ ప్రోగ్రామ్ తన తాత్కాలిక ఫైల్‌కు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక డైరెక్టరీలో ఒకసారికి ఒక్కరే పనిచేయాలనే నియమం ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేకపోయింది. తర్వాత ఆ నియమాన్ని సడలించారు. ఒకరోజు ఒకాయన లాగిన్ అయినవాళ్లకు కనిపించే ఆనాటి సందేశాన్ని దిద్దుతుంటే, అదే సమయంలో ఇంకొకాయన పాస్‌వర్డుల ఫైల్ దిద్దుతున్నారు. రెండూ తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతివాళ్ల టెర్మినల్ మీదా అందరి పాస్‌వర్డులూ అచ్చయ్యాయి. ఇద్దరిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఇద్దరి పనులూ ఒకే చోట కలిసిపోయాయి, అంతే.

అదే ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. అందులోని రెండు సూత్రాలు మీ ఆఫీసుకు ఇవాళ కూడా సరిపోతాయి. ఒకటి, పనికి ఎంత అవసరమో అంత హక్కే ఇవ్వాలి. రెండు, హక్కు లేకపోవడమే మామూలు స్థితిగా ఉండాలి, ఇస్తేనే రావాలి. మనం చేసేది దీనికి తలకిందులు. ముందు అందరికీ అన్నీ ఇచ్చేసి, గొడవ వచ్చినప్పుడు ఒక్కొక్కటీ పీకడం మొదలుపెడతాం.

సరే, ఇప్పుడు విండోస్‌లో ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇక్కడ రెండు అంచెలున్నాయి. ఇది ఒకటి పట్టుబడితే మిగతాదంతా తేలిక. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే 'షేరింగ్' అని ఒక ట్యాబ్, 'సెక్యూరిటీ' అని ఇంకో ట్యాబ్ కనిపిస్తాయి. షేరింగ్ అనేది వీధి గేటు. సెక్యూరిటీ అనేది లోపలి బీరువా తాళం. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లు రెండూ దాటాలి, రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. గేటు దగ్గర 'రీడ్' మాత్రమే ఉంటే లోపల ఫుల్ కంట్రోల్ ఉన్నా రాయలేరు. కానీ ఆ సర్వర్ కంప్యూటర్ ముందే కూర్చుని పనిచేసే మనిషికి గేటుతో సంబంధం లేదు. వాళ్లు ఇంట్లోనే ఉన్నారు. వాళ్లను ఆపేది సెక్యూరిటీ ట్యాబ్ ఒక్కటే. చాలా చిన్న ఆఫీసుల్లో ఆ 'సర్వర్' మీద అకౌంటెంట్‌గారు రోజంతా పనిచేస్తుంటారు కాబట్టి ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి.

సెక్యూరిటీ ట్యాబ్ కనిపించాలంటే ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటి పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన పద్ధతి అది. పెన్‌డ్రైవ్‌లు, కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులు ఫ్యాట్32లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉంటాయి. వాటిలో ఫైల్‌కు పర్మిషన్ రాసుకునే చోటే లేదు. అందుకని ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి దాన్నే ఆఫీసంతటికీ షేర్ చేసే పద్ధతి నాకు అసలు నచ్చదు.

గేటు దగ్గర ఏం పెట్టాలి, లోపల ఏం పెట్టాలి? నా పద్ధతి చెప్తాను. షేరింగ్‌లో ఎవ్రీవన్‌ను తీసేసి, 'ఆథెంటికేటెడ్ యూజర్స్' పెట్టి 'చేంజ్' ఇవ్వండి. పేరూ పాస్‌వర్డూ చెప్పి వచ్చినవాళ్లే ఈ గుంపులోకి వస్తారు, గెస్ట్ రాడు. చేంజ్ అంటే చదవొచ్చు, రాయొచ్చు, తుడవొచ్చు. ఫుల్ కంట్రోల్ ఎందుకు వద్దంటే, విండోస్‌లో ఒక ఫైల్‌ను ఎవరు తయారుచేస్తే వాళ్లే దాని ఓనర్. ఓనర్‌కు ఆ ఫైల్ పర్మిషన్లు మార్చుకునే హక్కు ఎప్పుడూ ఉంటుంది. గేటు దగ్గర చేంజ్ మాత్రమే ఉంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చి ఆ మార్పు చేయలేరు. ఇక అసలు పంపకమంతా సెక్యూరిటీ ట్యాబ్‌లో చేసుకోండి. రెండు చోట్లా కొంచెం కొంచెం పెట్టుకుంటూ పోతే ఆరు నెలల తర్వాత ఎక్కడ ఏం ఆగుతోందో మీకే తెలియదు.

ఇప్పుడు అసలు పని. దీనికి కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. తెల్ల కాగితం తీసుకోండి. ఒకవైపు మీ ఆఫీసులో జరిగే పనులు రాయండి. మనుషుల పేర్లు కాదండీ, పనులు. ఆడిట్ ఆఫీసైతే జీఎస్‌టీ రిటర్నులు, ఇన్‌కంటాక్స్, ఆడిట్ పేపర్లు, మన ఆఫీసు జీతాలు, బిల్లింగ్, స్కాన్ చేసినవి. స్కూలైతే ఫీజులు, మార్కులు, టీచర్ల జీతాలు, టీసీలు, బోధనకు సంబంధించిన ఫైళ్లు. రెండోవైపు ప్రతి పనికీ ఎవరు మార్చాలి, ఎవరు చూస్తే చాలు అని రాయండి. ఈ రెండో గడి నింపేటప్పుడు మీకు మీ ఆఫీసు గురించి కొత్త సంగతులు తెలుస్తాయి. 'మార్కులు ఎవరు మార్చొచ్చు?' అని అడిగితే స్కూళ్లలో చాలాసార్లు ఎవరూ వెంటనే జవాబు చెప్పలేరు. ఆ జవాబు టెక్నీషియన్ చెప్పేది కాదు, కరస్పాండెంట్‌గారో హెడ్మాస్టర్‌గారో చెప్పాల్సింది.

కాగితం అయ్యాక ప్రతి పనికీ రెండు గ్రూపులు తయారుచేయండి. 'జీతాలు మార్చేవారు', 'జీతాలు చూసేవారు'. పర్మిషన్ గ్రూపుకే ఇవ్వాలి, మనిషికి ఎప్పుడూ ఇవ్వొద్దు. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. లక్ష్మిగారికి నేరుగా పన్నెండు ఫోల్డర్లలో హక్కు ఇచ్చారనుకోండి, ఆమె మానేసి వేరేవాళ్లు వస్తే ఆ పన్నెండూ వెతికి మార్చాలి. రెండు దొరకవు. గ్రూపైతే పేరు తీసి పేరు పెట్టడమే. గ్రూపులో చేర్చిన తర్వాత ఇంకో చిక్కుంది, దీనితో ఎంతమంది గంటలు పోగొట్టుకున్నారో! మనిషిని గ్రూపులో చేర్చారు, అయినా ఫోల్డర్ ఓపెన్ కాదు. పర్మిషన్లు తప్పాయేమోనని అన్నీ కెలకడం మొదలుపెడతారు. విండోస్ ఒక మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నాడో లాగిన్ అయినప్పుడే చూసుకుంటుంది. మధ్యలో చేరిస్తే దానికి తెలియదు. లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వమనండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

డొమైన్ (అన్ని సిస్టమ్‌ల లాగిన్లనూ ఒకే చోట నుంచి నడిపే ఏర్పాటు) లేని చిన్న ఆఫీసుల్లో, అంటే మీలో చాలామంది దగ్గర, సర్వర్ కంప్యూటర్ మీద ఒక్కొక్కరికీ ఒక యూజర్ తయారుచేయాలి. వాళ్ల సొంత సిస్టమ్‌లో ఉన్న పేరూ పాస్‌వర్డే ఇక్కడా పెడితే మళ్లీ అడగకుండా లోపలికి పోతుంది. ఇంకో మాట. విండోస్ 10, 11 ప్రో పెట్టిన సిస్టమ్‌ను సర్వర్‌గా వాడితే ఒకేసారి 20 కనెక్షన్ల వరకే ఒప్పుకుంటుంది. ఆఫీసు పెరిగేకొద్దీ అది గుర్తుండాలి.

ఇప్పుడు మీ అందరికీ బాగా తెలిసిన ఒక ప్రమాదం దగ్గరికి వస్తాను. 'క్లయింట్లు' ఫోల్డర్ మాయమైందని ఇందాక అన్నాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఎవరూ తుడవరు. మౌస్ పట్టుకుని లాగి పక్క ఫోల్డర్‌లో పడేస్తారు, తెలియకుండా. ఫోల్డర్ 'స్కాన్' లోపలికి పోయి కూర్చుంటుంది. ఆఫీసంతా టెన్షన్. దీన్ని ఆపొచ్చు. సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. అక్కడ ఒకే గ్రూపుకు రెండు వరసలు రాయాలి. మొదటి వరస 'దిస్ ఫోల్డర్ ఓన్లీ' అని పెట్టి, చదవడానికీ లోపల ఫైళ్లు, ఫోల్డర్లు తయారుచేయడానికీ హక్కు ఇవ్వండి, 'డిలీట్' మాత్రం టిక్ చేయొద్దు. రెండో వరస 'సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ' అని పెట్టి మాడిఫై ఇవ్వండి. దీనితో లోపల ఏమైనా చేసుకోవచ్చు, పైనున్న 'క్లయింట్లు' అనే ఫోల్డర్‌ను మాత్రం తుడవలేరు, పేరు మార్చలేరు, లాగలేరు. ఎందుకంటే విండోస్ దృష్టిలో ఒక చోట నుంచి ఇంకో చోటికి జరపాలన్నా పాతచోట డిలీట్ హక్కు ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు ఇవాళ మీరు ఇంటికి పట్టుకెళ్లినా నా శ్రమ దక్కినట్టే.

అలాగే పై స్థాయిలో పర్మిషన్ ఇస్తే అది కిందికి దానంతటదే దిగుతుంది. దాన్ని దిగనివ్వండి. ఐదో మెట్టులో ఉన్న చిన్న ఫోల్డర్‌కు ప్రత్యేకంగా హక్కులు పెట్టడం మొదలైతే చేతికందదు. ఒక ఫోల్డర్ అంత రహస్యమైతే దాన్ని పైకి తెచ్చి వేరే ఫోల్డర్‌గా పెట్టండి. 'జీతాలు' అనేది 'అకౌంట్స్' లోపల ఉండాల్సిన అవసరం లేదు.

(సభలో ఒకరు: సార్, వద్దనుకున్నవాళ్లకు డినై పెట్టేస్తే సరిపోతుంది కదా?)

మంచి ప్రశ్న అడిగారు. డినై ఆకర్షణీయంగా ఉంటుంది, అందుకే ప్రమాదం. అలౌ అంటే రానివ్వడం, డినై అంటే పేరు పెట్టి ఆపేయడం. మామూలుగా ఒకే స్థాయిలో అలౌ, డినై రెండూ ఉంటే డినై గెలుస్తుంది. 'యూజర్స్' అనే గ్రూపుకు డినై పెట్టారనుకోండి, ఆ గ్రూపులో ఉన్న ప్రతివాళ్లూ ఆగిపోతారు, మేనేజర్‌గారికి విడిగా అలౌ ఇచ్చినా సరే. ఎవ్రీవన్‌కు డినై పెడితే అడ్మినిస్ట్రేటర్‌తో సహా అందరూ బయటే. పైగా దీనికో మినహాయింపు ఉంది. పైనుంచి దిగివచ్చిన డినై కంటే ఆ ఫైల్ మీద నేరుగా రాసిన అలౌకే ఎక్కువ బలం. అంటే ఆపేశామనుకున్న చోట ఆగకపోవచ్చు కూడా. వద్దనుకున్నవాళ్ల పేరు అసలు ఆ జాబితాలో రాయకండి. రాయకపోతే రాలేరు. డినైతో పని పడిందంటే గ్రూపులు సరిగా విడగొట్టలేదనే అర్థం. ఎవరికి నిజంగా ఎంత హక్కు ఉందో అనుమానం వస్తే అడ్వాన్స్‌డ్‌లోనే 'ఎఫెక్టివ్ యాక్సెస్' అని ఉంది. పేరు కొడితే లెక్క అదే కట్టి చూపిస్తుంది.

లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ టాలీ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇక్కడ సగం మంది ప్రాణం అందులోనే ఉంది. టాలీలో యూజర్లు పెట్టుకున్నాం, పాస్‌వర్డ్ పెట్టుకున్నాం, కాబట్టి డేటా భద్రం అనుకుంటారు. ఆ పాస్‌వర్డ్ టాలీ తలుపు దగ్గరే అడుగుతుంది. డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి నలుగురూ వాడుతుంటే, ఆ నలుగురికీ విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రాసే హక్కు ఇవ్వక తప్పదు. అప్పుడు ఎవరైనా టాలీ తెరవకుండానే ఎక్స్‌ప్లోరర్‌లో ఆ కంపెనీ నంబరున్న ఫోల్డర్‌ను తుడిచేయొచ్చు, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోవచ్చు. అందుకే టాలీ వాడేవాళ్లకు వేరే గ్రూపు, వేరే షేర్ ఉండాలి. ఆ షేర్‌లో ఇంకే ఫైలూ ఉండకూడదు. రాత్రి బ్యాకప్ ఆ నలుగురిలో ఎవరికీ రాసే హక్కు లేని చోటికి పోవాలి.

ఈ చివరి మాటకు కారణం ర్యాన్సమ్‌వేర్. దాని పేరు విని భయపడటం కంటే అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మేలు. మెయిల్‌లో వచ్చిన బిల్లు అనుకుని ఒకరు ఏదో క్లిక్ చేస్తారు. ఆ ప్రోగ్రామ్ ఆ మనిషి పేరుతో నడుస్తుంది. ఆ మనిషికి ఎక్కడెక్కడ రాసే హక్కుందో అక్కడున్న ఫైళ్లన్నిటినీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. జెడ్ డ్రైవ్ మొత్తం మీద హక్కుంటే మొత్తం పోతుంది. రెండు ఫోల్డర్ల మీదే ఉంటే ఆ రెండే పోతాయి. యాంటీవైరస్ మీద పెట్టే శ్రద్ధలో కొంత ఇక్కడ పెట్టమని అందుకే అడుగుతున్నాను.

ఇంకా ఘోరమైన రకం 2017లో చూశాం. ఆ మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. దానికి ఎవరూ క్లిక్ చేయనక్కర్లేకపోయింది. విండోస్‌లో ఫోల్డర్లు షేర్ చేసుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో, దాని పాత మొదటి వెర్షన్‌లో ఉన్న లోపం పట్టుకుని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు దానంతటదే పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేయాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. బాధ కలిగించేదేమిటంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న, రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసే సిస్టమ్‌లలో ఆ పాత వెర్షన్ మామూలుగా ఉండదు. కానీ మన ఆఫీసుల్లో దాన్ని మళ్లీ ఆన్ చేసేది ఎవరో తెలుసా? జిరాక్స్ మెషీన్. పాత మల్టీఫంక్షన్ మెషీన్లు కొన్ని స్కాన్ చేసిన కాగితాన్ని షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపాలంటే పాత ఎస్‌ఎంబీయే మాట్లాడతాయి. స్కాన్ రావడం లేదని దాన్ని ఆన్ చేస్తారు, ఇంకా రాకపోతే ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ పెడతారు. ఒక మెషీన్ కోసం ఆఫీసు మొత్తం తెరిచి పెట్టినట్టవుతుంది. మెషీన్ ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కొత్తది ఉందేమో సర్వీస్ వాళ్లను అడగండి. లేకపోతే స్కాన్‌ను మెయిల్‌కు పంపే ఏర్పాటు చేసుకోండి. ఫోల్డర్‌కే పంపాలంటే 'స్కాన్' అని ఒక యూజర్ తయారుచేసి, వాడికి ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రమే ఇవ్వండి. ఆ మెషీన్ మెనూలో మీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ కొట్టకండి. దాన్ని బాగుచేయడానికి వచ్చే ప్రతివాళ్ల చేతికీ ఆ సెట్టింగులు అందుతాయి.

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక కొందరికి పాత నాస్ బాక్సులు, అంటే నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టెలు, ఓపెన్ కావడం లేదని విన్నాను. ఆ వెర్షన్ ప్రోలో డిజిటల్ సంతకం (దారిలో ఎవరూ మార్చలేదనే గుర్తు) లేని కనెక్షన్లనూ గెస్ట్‌గా లోపలికి పోవడాన్నీ ఒప్పుకోదు. దానికి పరిష్కారం నాస్‌లో మీ పేరుతో యూజర్ తయారుచేసుకోవడం, దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం. విండోస్‌లో ఆ రక్షణ తీసేసే చిట్కాలు వీడియోల్లో దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. నాస్ అన్నాను కాబట్టి, ఆ బాక్సుల్లో చాలావాటి లోపల ఉండేది లైనక్స్, దాని మీద విండోస్ పద్ధతిలో ఫోల్డర్లు షేర్ చేసే సాంబా. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఈ సాంబా, ఉచితం. ఇప్పటిదాకా చెప్పిన గ్రూపుల పద్ధతి అక్కడా అలాగే పనికొస్తుంది. లైనక్స్ వాడే కుర్రాళ్లకు ఒక్క మాట: ఏది పనిచేయకపోయినా 777 (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కులన్నీ ఇచ్చే అంకె) కొట్టే అలవాటు మానండి. అది ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్‌కు అన్నగారే.

తుడిచినవి తిరిగి రావడం గురించి. సొంత కంప్యూటర్‌లో డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేస్తే అందులోకి పోదు, నేరుగా పోతుంది. ఇది తెలియక 'బిన్‌లో ఉంటుందిలే' అని ధీమాగా తుడిచినవాళ్లున్నారు. విండోస్ సర్వర్ వాడేవాళ్లు షాడో కాపీలు, అంటే ఫైళ్లు ఆ సమయానికి ఎలా ఉన్నాయో దాచే ఏర్పాటు, ఆన్ చేసుకోండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసుకునేలా పెడితే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'ప్రీవియస్ వెర్షన్స్' కింద పాతవి కనిపిస్తాయి. స్టాఫ్ తమంతట తామే వెనక్కి తెచ్చుకోవచ్చు. అదే డిస్క్ మీద ఉంటాయి కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోవద్దు.

మనిషి మానేసిన రోజు ఏం చేయాలి? అకౌంట్ అప్పటికప్పుడు డిలీట్ చేయకండి, డిజేబుల్ చేయండి. వెంటనే తీసేస్తే సెక్యూరిటీ ట్యాబ్‌లో వాళ్ల పేరున్న చోట ఎస్-1-5 అంటూ పొడవాటి అంకెల వరస మిగులుతుంది. అది ఎవరిదో కనుక్కోవడం కష్టం. గ్రూపుల్లోంచి పేరు తీసేయండి. ఇతర సిస్టమ్‌లలో, విండోస్ పాస్‌వర్డులు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి వాళ్ల పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే తొలగించండి. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ మార్చండి. గూగుల్ డ్రైవ్‌లో షేర్ చేసినవి కూడా చూడండి. అక్కడ 'లింక్ ఉన్న ఎవరికైనా' అని పెట్టిన ఫోల్డర్ ఉంటే, మానేసిన మనిషి వాట్సాప్‌లో ఆ లింక్ ఇంకా ఉంటుంది.

డాక్టరుగారూ, కరస్పాండెంట్‌గారూ, ఇది మీకోసం. మీ షేర్డ్ ఫోల్డర్లలో ఉన్నవి మీ ఆస్తి మాత్రమే కాదు. పిల్లల ఆధార్ కాపీలు, పేషెంట్ల రిపోర్టులు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఇతరుల డేటాను కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న క్లినిక్‌కు అంత వేస్తారని నేను అనడం లేదు. కానీ చట్టం లేకపోయినా, ఒక తల్లి తన బిడ్డ రిపోర్టు మీ చేతిలో పెట్టింది. దాన్ని మీ ల్యాబ్‌లో ఎంతమంది చూడొచ్చో మీరు చెప్పగలగాలి.

(సభలో ఒకరు: ఇప్పటికే నడుస్తున్న షేర్‌ను ఎలా మార్చాలండీ? పని ఆగకూడదు కదా.)

ఒక్కరోజులో మొత్తం మార్చొద్దమ్మా. పాతదాన్ని కదపకుండా పక్కన కొత్త షేర్ తయారుచేయండి, గ్రూపులతో, నేను చెప్పిన పద్ధతిలో. ముందు జీతాల ఫోల్డర్ తీసుకోండి, దాన్ని వాడేది ఇద్దరు ముగ్గురే ఉంటారు కాబట్టి తేలిక. సాయంత్రం అందరూ వెళ్లాక రన్‌లో ఎఫ్‌ఎస్‌ఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ అని కొడితే షేర్లన్నీ, ఏ ఫైల్ ఎవరు తెరిచి ఉంచారో కూడా కనిపిస్తుంది. ఎవరూ తెరిచి లేరని చూసుకుని కాపీ చేయండి. కట్-పేస్ట్ వద్దు. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే పాత పర్మిషన్లే వెంట వస్తాయి, కాపీ చేస్తే కొత్తచోటి పర్మిషన్లు తీసుకుంటుంది. పాతచోట ఉన్నదానికి రాసే హక్కు తీసేసి రీడ్ మాత్రం ఉంచండి. నెలాఖరు జీతాల పని ఒకసారి కొత్తచోట నడిచాక, పాతదాన్ని బ్యాకప్ తీసి తొలగించండి. తర్వాత ఇంకో ఫోల్డర్. మధ్యలో ఎవరికైనా ఓపెన్ కాకపోతే, ముందు లాగాఫ్ చేయించి చూడండి. అయినా కాకపోతే వాళ్ల పేరు ఏ గ్రూపులో ఉండాలో మీ కాగితం తీసి చూడండి. ఎవ్రీవన్ మాత్రం పెట్టకండి.

ఇంకెవరైనా అడగాలనుకుంటే అడగండి. వెనక వరసలో చెయ్యెత్తారు, మైక్ అటు ఇవ్వండి.